మాస్టారు ట్యూషన్ చెప్పిన పరీక్ష

మాటలు రాని, నడక ఆలస్యమైన పసిపిల్లలకు ఏమేం వచ్చో, ఏమేం రావో చూసి, తర్వాత ఏం నేర్పాలో ఇంట్లోవాళ్ళకు చెప్పడం నా ఉద్యోగం. బందరులో ఉండేదాన్ని. తొంభైల చివర్లో వారానికోసారి బస్సెక్కి గుడివాడ వెళ్ళి, ఒక అద్దె గదిలో చాప పరుచుకుని కూర్చునేదాన్ని. నా సంచిలో ఎర్ర చెక్కముక్కలు, పూసలు, గిలక్కాయ, బొమ్మల కార్డులు ఉండేవి. వాటిని చూసి ‘ఇంతేనా’ అన్నట్టు మొహం పెట్టని తండ్రి లేడు.

బడిపంతుళ్ళ ఇళ్ళంటే మాత్రం నాకు కొంచెం భయం. ఏది ముందు పెట్టినా దాన్ని పరీక్ష చేసేస్తారు. మొవ్వలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన ఒకాయన నాలుగేళ్ళ మనవరాలిని తీసుకొచ్చారు. వెంట కోడలు. పాప ఇంకా ఒక్క మాటా పలకలేదు. జూన్‌లో బళ్ళో వెయ్యాలి. బడివాళ్ళు ముందు మా దగ్గర చూపించుకు రమ్మన్నారట. ఆ రోజు పాప ఏడుపు ఆపలేదు. వచ్చే వారం రమ్మన్నాను. అయినా మాస్టారు వెంటనే కదల్లేదు. నేను ఇంకో పాపను ఆడిస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి శ్రద్ధగా చూశారు.

మరుసటి వారం పాప ఏడవలేదు. చెక్కముక్కలు చాప మీద పెట్టానో లేదో, టకటకా ఒకదాని మీద ఒకటి పేర్చేసింది. పూసలు దారానికి ఎక్కించేసింది. మాస్టారి మొహం వెలిగిపోయింది.

"చూశారాండీ? అన్నీ వచ్చు. ఇక బడికి రాసిచ్చెయ్యండి."

"నాకొకటి ఇవ్వమ్మా" అని పాప ముందు చెయ్యి చాపాను. నా వంక చూడనే లేదు. కట్టిన మేడ కూల్చి, మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. ఒక ముక్క నా గుప్పిట్లో దాచాను, అప్పుడైనా నన్ను చూస్తుందేమోనని. పాప తిన్నగా వెళ్ళి వాళ్ళమ్మ సంచిలో చెయ్యి పెట్టి ఇంకో ముక్క తెచ్చుకుంది. అచ్చం నా ముక్కల్లాంటిదే. అదే ఎరుపు. ఇంకా రంగు వాసన కూడా పోలేదు.

కోడలు తల దించుకుంది. "మావయ్యగారు వడ్రంగి చేత చేయించారండి. వారమంతా పొద్దునా సాయంత్రం ఇదే పని."

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంటి మాస్టారూ ఇది? అన్నీ వచ్చని నేను రాసిస్తే ఈ పిల్లకు ఇంకెవరూ ఏమీ నేర్పరు. బళ్ళో ఆఖరి బెంచీలో పడేసి వదిలేస్తారు. ఇందులో పాసూ ఫెయిలూ లేవండి. ఏది రాదో తెలిస్తేనే కదా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది!"

ఆయన కోప్పడతారనుకున్నాను. కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు.

"ఆఖరి బెంచీ సంగతి నాకు తెలీదాండీ? ఎంతమందినో అక్కడ కూర్చోబెట్టింది నేనే కదా. అందుకే భయం."

నా కోపమంతా దిగిపోయింది. ఆయన మీద జాలేసింది.

"సరే, ఇప్పుడు రానివి చెప్పండి" అన్నాను.

"నన్ను తాతా అని పిలవదండి" అన్నారాయన.

ఈలోగా పాప లేచి ఆయన వేలు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. "కూర్చోమ్మా, ఇంకా అవలేదు" అంటూ ఆయన అలవాటుగా వెనక్కి లాగబోయారు.

"ఉండండి. ఎటు తీసుకెళ్తే అటు వెళ్ళండి" అన్నాను.

పాప ఆయన్ని గది మూలనున్న మంచినీళ్ళ కూజా దగ్గరకు తీసుకెళ్ళి, ఆయన చేతిని ఎత్తి మూత మీద పెట్టింది.

"పిలవదన్నారు. మరి ఇదేంటండీ? దాహమేస్తే మీ చెయ్యి కావాలని తెలుసు. ఇక్కణ్ణించే మొదలుపెడదాం. గ్లాసు ఇచ్చేముందు కాస్త ఆగండి, మీ మొహం చూసేదాకా."

మాస్టారు గ్లాసు నింపి, పాప ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నారు. పాప గ్లాసు వంక చూసింది. ఆయన చేతిని లాగింది. ఆయన ఇవ్వలేదు. విసుగ్గా ఒక మూలుగు మూలిగి, తల పైకెత్తింది.

ఆయన గబుక్కున గ్లాసు అందించబోతే సగం నీళ్ళు కింద ఒలికాయి.

"చూసిందమ్మా" అన్నారు కోడలి వైపు తిరిగి. "నన్ను చూసింది."