ఏ కుప్ప ఎంత?

గ్రూప్స్ కోచింగ్‌లో ‘ఇచ్చిన సమాచారం సరిపోతుందా?’ అనే లెక్కలు నేర్చుకుంటున్న రోజులవి. సెలవుకు హాలియా దగ్గరి మా ఊరికి వచ్చాను. కొనుగోలు కేంద్రంలో మా వడ్లు రెండు కుప్పలు. ఒకదానిలో తేమ పద్నాలుగు శాతం, రెండోదానిలో ఇరవై. పదిహేడు దాటితే తీసుకోరు.

“రెండూ కలిపితే సగటు సరిగ్గా పదిహేడే నాయినా!” అన్నాను. చదువుకున్న బిడ్డ చెప్పిందని నాయిన కలిపేశాడు.

తేమ కొలిచే మిషన్ పంతొమ్మిది చూపించింది! మంచి వడ్లు కూడా తిరిగి ఆరబోయాల్సి వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఎక్కడ తప్పిందో తేలక కాగితం మీద పట్టిక గీశాను. నాయిన తొంగిచూసి, “తడి కుప్ప ఐదింతలుండె గదా బిడ్డా, గది ఏడ రాసినవ్?” అన్నాడు.

తర్వాత పరీక్షలో రెండు తరగతుల సగటు మార్కులిచ్చి, మొత్తం సగటు అడిగారు. పట్టిక గీశాను. నాయిన అడిగిన గడి, ఏ తరగతిలో ఎంతమందో రాయాల్సింది, ఖాళీగా ఉంది.

‘సమాచారం సరిపోదు’ అని ధైర్యంగా పెట్టాను.