రెండు కార్డులూ తీర్పుగారూ

ఆఫీసులో ఆయన్ని తీర్పుగారు అంటారు. మొహం మీద కాదు లెండి, వెనకాల. ఆయన చేసే ఉద్యోగం పక్క టేబుల్ మీంచి వచ్చిన కాగితానికి ముద్ర కొట్టి అవతలి టేబుల్‌కి తొయ్యడం. అందులో తీర్పులు చెప్పే అవకాశం ఎక్కడుంది? అందుకే అవన్నీ పోగేసుకుని ఇంటికి మోసుకొస్తాడు. ఇంట్లోకి ఏ వస్తువు కావాలన్నా రెండు రకాలు తేవాలి, పక్కపక్కన పెట్టాలి, ఆయన పరీక్ష చెయ్యాలి. ఒకసారి కొత్త చొక్కా ఎడమ చెయ్యి ఒక ఇస్త్రీపెట్టెతోనూ కుడి చెయ్యి ఇంకోదాంతోనూ రుద్ది, తొడుక్కుని, అద్దం ముందు రెండు చేతులూ చాచి చాలాసేపు నిలబడ్డాడు. ఓడిపోయిన పెట్టెని షాపువాడు వెనక్కి తీసుకోనంటే వీధి వీధంతా వినేలా జగడం. పక్కన తలవంచుకుని నిలబడే ఖర్మ మాత్రం పెళ్ళానిది.

ఆవిడ పని వేరు. చెక్క అలమారలు చేసే కంపెనీలకి వంటగదుల బొమ్మలు చేసిపెడుతుంది. మేకు దిగకముందే వంటగది ఎలా ఉండబోతోందో కంప్యూటర్‌లో కట్టి చూపిస్తుంది. కొనేవాళ్ళు ఆ బొమ్మలోనే గుమ్మం దాటి లోపలికి నడవచ్చు, అరలు లాగి చూసుకోవచ్చు. ఆవిడ చేతిలో మంచి పనితనం ఉంది. కానీ ఆవిడ కంప్యూటర్‌లో ఆ నడక ఉత్త కుంటినడక. గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, పొయ్యి దగ్గర ఇంకోసారి ఆగి, లాగిన అర సగంలోనే బిగుసుకుపోతుంది. చూసి చూసి విసుగెత్తి, మళ్ళీ ఫోన్ చెయ్యని కంపెనీలు చాలానే ఉన్నాయి.

ఇంతకీ ఆ కంప్యూటర్ బిగించిన ఘనుడు ఎవరనుకున్నారు? తీర్పుగారే. పెళ్ళైన కొత్తలో, షాపులో బిగిస్తామంటే వాళ్ళ మొహం వాళ్ళకేం తెలుసని పెదవి విరిచి, తగుదునమ్మా అని తనే స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు. తెర మీద బొమ్మల్ని చకచకా కదిలించేది గ్రాఫిక్స్ కార్డు. దాన్నీ ఆయనే ఏరికోరి తెచ్చి, చుట్టపక్కాలందరి దగ్గరా నెలల తరబడి డబ్బా కొట్టుకున్నాడు. ఆయన ఎంచిన కార్డుకి వంకేముంటుంది? ఉంటే గింటే పెళ్ళానికే ఉండాలి.

"నీకు పని చాతకాక కంప్యూటర్‌ని అంటావేంటి? తెలిసినవాళ్ళయితే దీంట్లో సినిమాలే తీసేస్తారు," అనేవాడు.

"మావాడు ఊరికే అనడమ్మా," అని అత్తగారు పక్కనుంచి అందించేది.

వినగా వినగా ఆవిడకీ నిజమేనేమో అనిపించింది. ఆయన వాగుడికంటే ఘోరం అదే. బొమ్మ ఆగినప్పుడల్లా కంప్యూటర్‌ని కాక తనని తనే తిట్టుకోవడం అలవాటైపోయింది.

అలాంటి రోజుల్లో ఒక పెద్ద కంపెనీవాళ్ళు కబురు పెట్టారు. సోమవారం కంప్యూటర్ తెచ్చుకుని మా ఆఫీసులో చూపించండి, నడక ఆగకుండా సాగితే ఏడాది పొడుగునా పని మీదే, ఆగితే వేరేవాళ్ళని చూసుకుంటాం అన్నారు. జన్మలో మొదటిసారి ఆవిడ మొగుణ్ణి అడక్కుండా బజారుకి వెళ్ళి, కొత్త గ్రాఫిక్స్ కార్డు కొని తెచ్చింది.

తీర్పుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ పరీక్ష అనే మాట తట్టగానే ఆ మంట కాస్తా హుషారైపోయింది. శనివారం పొద్దున్నే కంప్యూటర్ హాల్లో బల్ల మీదికి చేరింది. అత్తగారికి మెత్తటి కుర్చీ వేశారు. ముందు పాత కార్డుతో గుమ్మం నుంచి కిటికీదాకా ఆవిడ చేసిన వంటగదిలో నడిపించి, ఎక్కడెక్కడ ఆగిందో ఫోన్‌లో టైము చూసుకున్నాడు. తరవాత పాతది పీకి, కొత్తది గుచ్చి, వైర్లన్నీ మునుపటిలాగే పెట్టి, అదే నడక మళ్ళీ నడిపించాడు. గుమ్మం దగ్గర ఆగింది. పొయ్యి దగ్గర ఆగింది. అర సగంలో బిగుసుకుంది.

ఆయన మొహం వెలిగిపోయింది. పెళ్ళాం బతుకుతెరువు కళ్ళముందే కూలిపోతుంటే చంకలు గుద్దుకునే మనిషిని ఏమనాలి?

"చూశావా, రెండూ ఒకటే. వెంట్రుకవాసి తేడా లేదు. అంటే లోపం కార్డుల్లో లేదు, నీ చేతిలో ఉంది. అన్నం తిన్నాక వెళ్ళి ఇది తిరిగిచ్చేద్దాం. ఆ కంపెనీవాళ్ళకి కూడా ఫోన్ చేసి నా వల్ల కాదని చెప్పెయ్. ఈ బొమ్మల పిచ్చి ఇక వదిలిపెట్టు."

"సరేనండి," అంది ఆవిడ.

ఆయన తృప్తిగా భోంచేసి కునుకు తీశాడు. ఆవిడ కొత్త కార్డు ఊడదీద్దామని హాల్లోకి వచ్చింది. బల్ల మీద పాతది దుమ్ము కొట్టుకుని పడి ఉంది. గుడ్డతో తుడవబోతే, తెర వైరు దూర్చే కంతలకి చిన్న చిన్న నల్లటి మూతలు కనిపించాయి. షాపులో కొన్నప్పుడు ఉండే మూతలు. అన్నిటికీ ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఒక్కటీ తియ్యలేదు.

మరి తెర వైరు ఎక్కడికి వెళ్ళింది? కంప్యూటర్‌ని తిప్పి వెనకాల చూసింది. వైరు పైన, మదర్‌బోర్డు అనే అసలు పలకకి ఉన్న కంతలో ఉంది. కింద కొత్త కార్డు కంతలన్నీ మూతలతోనే ఉన్నాయి. పైన పెట్టినా తెర వెలుగుతుంది, బొమ్మ వస్తుంది. కార్డు మాత్రం లోపల ఊరికే కూర్చుంటుంది. పాతదీ ఊరికే కూర్చుంది, కొత్తదీ ఊరికే కూర్చుంది. రెండు నిద్రపోతున్న కార్డుల్ని పోల్చి, ఆ మహానుభావుడు తీర్పు చెప్పాడు.

ఒక మూత లాగేసి, వైరు తీసి అందులో పెట్టి, మళ్ళీ నడిపించింది. గుమ్మం, పొయ్యి, కిటికీ, ఎక్కడా ఆగలేదు. అరలు లాగితే లాగినట్టే వచ్చాయి. తను కట్టిన వంటగది ఇంత బాగుంటుందని ఆవిడకే తెలియదు. కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ చప్పుడుకి తల్లీకొడుకులిద్దరూ లేచి వచ్చారు. తీర్పుగారు తెరవైపు చూశాడు, వెనక వైరువైపు చూశాడు, బల్ల మీద పాత కార్డువైపు చూశాడు.

"ఏమైందిరా?" అంది తల్లి.

"ఏం లేదమ్మా, వైరు కాస్త వదులైనట్టుంది."

"వైరు వదులవలేదు అత్తయ్యా," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "బిగించిన రోజునుంచీ మీ అబ్బాయి తప్పు చోట పెట్టారు. పాత కార్డు ఒక్క పూట కూడా పని చెయ్యలేదు."

సిగ్గున్నవాడైతే అక్కడితో నోరు మూసుకునేవాడు. ఈయన జేబులోంచి ఫోన్ తీశాడు. "అయితే పొద్దున్న చేసిన టెస్టు చెల్లదు. పాతది మళ్ళీ పెట్టి మొదట్నుంచీ చూడాలి. ఏది నయమో అప్పుడు తేలుస్తాను," అంటూ కంప్యూటర్ మీద చెయ్యి వెయ్యబోయాడు.

"ముట్టుకోకండి."

ఆయన చెయ్యి ఆగింది. "ఇంత చిన్నదానికి అంత రాద్ధాంతం దేనికి?"

"చిన్నదే. ఆ చిన్నదానికి ఇన్నేళ్ళూ నన్ను నేనే చేతకానిదాన్ననుకున్నాను."

ఆయన ఫోన్ మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "సోమవారం నేనూ వస్తాలే. వాళ్ళేదైనా టెక్నికల్‌గా అడిగితే చెప్పాలిగా," అన్నాడు.

"అడిగితే నేను చెప్తాను. మీరు రావద్దు."

తీర్పుగారు తల్లివైపు చూశాడు. అత్తగారు మెల్లిగా వెనక్కి తిరిగి, కోడలి మొహం చూడలేక, తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.