అందింది అనాలి

కంచె అవతల నిలబడ్డ మనిషి తుపాకీని రెండు చేతులా పట్టుకున్నాక "అందింది" అని పైకి అనాలి. ఆ మాట చెవిన పడేదాకా ఇవతలి మనిషి చేతులు వదలకూడదు. వేట లైసెన్సు క్లాసులో వర్నా హౌతలా మొదటి రోజు చెప్పే పాఠం ఇదే. ఆఖరి రోజు ఎక్కువమంది తప్పేదీ ఇక్కడే. అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున ఆ ఊళ్లలో ఉన్నవాళ్లంతా దాదాపు ఫిన్లాండు నుంచి వచ్చినవాళ్ల మనవలు. మాట పనిని తల ఊపి కానిచ్చేయడం వాళ్లకి తాతలనాటి అలవాటు.

"మీ తలకాయలు ఊగితే నాకు చప్పుడు వినపడదర్రా," అనేది వర్నా. "నోరుంది కదా, వాడండి."

కిందటేడు సొంత మనవణ్ని ఆ ఒక్క తల ఊపుకే ఫెయిల్ చేసింది. కోడలు ఇప్పటికీ ఆవిడకి కాఫీ పోయడం లేదు.

ఐలా కెస్కికి ముప్పై మూడేళ్లు. పుట్టిందగ్గర్నుంచీ నత్తి. ఆ ఊళ్లో పుట్టడం వల్ల అదొక పెద్ద లోటుగా ఎవరికీ కనిపించలేదు. కలప కోతమిల్లులో పలకలు ఏరే పని ఆమెది. రంపాల మోతలో అక్కడ ఎవరూ మాట్లాడుకోరు. పెళ్లిలో పాస్టరు అడిగినదానికి తల ఊపితే, ఆయన "ఊపింది, చూశారుగా" అని జనంతో చెప్పి తంతు పూర్తి చేశాడు. నాలుగేళ్లకి ఆ పెళ్లి విడిపోయినప్పుడూ పెద్దగా మాటలు అవసరం పడలేదు. పెట్టె సర్దుకుని తండ్రి వైనో దగ్గరికి వచ్చేసింది. ఏ మాటైనా గొంతులో ఇరుక్కుంటే, మిగతా సగం ఆయనే అందుకునేవాడు.

ఒక్కసారి మాత్రం మాట లేకపోతే కుదరని అవసరం వచ్చింది.

కిందటి నవంబరులో, అడవిలో జింక కోసం మాటు వేసిన తండ్రికి ఫ్లాస్కులో కాఫీ పట్టుకెళ్లింది. వైనో మోడు మీద కూర్చుని, రైఫిల్ భుజానికి ఆనించి గురి చూస్తున్నాడు. ఆమె గొట్టం వెంట చూపు పోనిచ్చింది. పొదల వెనక పక్క వేట క్యాంపులో ఉండే ఆర్వో. వేటగాళ్లు ఒకరికొకరు కనపడాలని పెట్టుకునే నారింజరంగు టోపీ తీసి పక్కన పెట్టి, వంగి బూటు తాడు కట్టుకుంటున్నాడు. బూడిదరంగు జుట్టు, అటూ ఇటూ ఎండు కొమ్మలు. "నాన్నా" అని అరవబోయింది. మొదటి అక్షరం దగ్గరే నాలుక అంగిలికి అతుక్కుపోయింది. ఫ్లాస్కు వదిలేసి, రెండు అంగల్లో వెళ్లి, గొట్టాన్ని అరచేత్తో మంచులోకి నొక్కేసింది.

"కొమ్ములు చూశానే! ఇంత కొమ్ములు!" అన్నాడు వైనో.

అప్పుడే పొదల వెనక ఆర్వో దగ్గాడు. వైనో రైఫిల్‌లోంచి తూటాలు తీసి జేబులో వేసుకున్నాడు. ఆ సంగతి ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు.

ఏడాది తిరిగింది. ఆయన కళ్లు ఇంకా మసకబారాయి. అయినా లైసెన్సుకి అడ్డేమీ లేదు. క్లాసుకి కూర్చోవాలన్న నియమం 1960 తర్వాత పుట్టినవాళ్లకే. అంతకు ముందువాళ్లు కౌంటరు దగ్గరికి వెళ్లి అడిగితే చాలు, చూపు ఎంతో ఎవరూ అడగరు.

"ఈసారి వె... వె..." అంది ఐలా ఒకరోజు వంటింట్లో.

"వెళ్లొద్దంటావు. చూడమ్మాయ్, మీసం రాకముందు నుంచీ వెళ్తున్నాను. మొదటి రోజు ఇంట్లో కూర్చుంటే నాకు ఊపిరాడదు." కాసేపు గిన్నెలో గరిట తిప్పాడు. "ఒక పని చెయ్యి. నువ్వు లైసెన్సు తెచ్చుకో, రైఫిల్ నీ చేతికిస్తాను. నీ పక్కన ఉత్త చేతులతో కూర్చుంటాను. తేలేదనుకో, నా దారిన నేను పోతా. అప్పుడు మాత్రం నన్ను ఆపకు."

ఆయన మాట ఇస్తే తప్పడు. బెదిరించినా అంతే.

వేట మంగళవారం మొదలు. వర్నా ఆఖరి క్లాసు శనివారం. ఆ తర్వాత మళ్లీ ఆగస్టులోనే.

టౌన్‌షిప్ హాలు వెనక రెండు గుంజలకి కంచెలా తీగ కట్టారు. సన్నగా మంచు పడుతోంది. వరసలో ఉన్నవాళ్లంతా బడిపిల్లలు. వాళ్ల తలలు ఐలా భుజం దగ్గరికి వస్తున్నాయి. రాతపరీక్షలో ఆమెకి ఒక్క తప్పూ రాలేదు. ఇప్పుడు మిగిలింది ఈ తీగ.

"ఐలా, దాటు."

దాటింది. వెనక్కి తిరిగింది. వర్నా పాత రైఫిల్ బోల్టు లాగి, లోపల ఖాళీగా ఉందని చూపించి, గొట్టం ఆకాశం వైపు ఉంచి తీగ మీదుగా చాచింది. ఐలా రెండు చేతులా పట్టుకుంది. ఇనుము చేతితొడుగుల్లోంచి కూడా చల్లగా తగిలింది.

నోరు తెరిచింది. ఏమీ రాలేదు.

గడ్డం దానంతటదే కిందికి దిగబోయింది. వర్నా చూపు ఆ గడ్డం మీదే ఉంది. ఐలా పళ్లు బిగించి తల నిలబెట్టుకుంది. ఇరుక్కున్నప్పుడు ఆమె ఇంకో మాటలోకి తప్పుకుంటుంది. సరే, పట్టుకున్నా, ఆఁ. ఇక్కడ అవేవీ చెల్లవు.

"అం..." అంది. ఆగిపోయింది.

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒక పిల్ల జాలిపడి, "అందింది అంటోంది మేడమ్," అంది.

"నువ్వు పట్టుకున్నావా తుపాకీ? నోరు ముయ్యి."

వర్నాకి కీళ్లనొప్పులు. బరువుకి మోచేతులు వణకడం తీగ ఇవతలికి కూడా తెలుస్తోంది. ఆవిడ వదిలేస్తుందేమో, ఇంక చాల్లే అంటుందేమో. ఐలాకి మంగళవారం పొద్దుట మోడు మీద ఒంటరిగా కూర్చున్న తండ్రి కనిపించాడు. పొదల వెనక వంగిన ఒక తల.

"తొందరేం లేదు. నేను వదలను," అంది వర్నా.

ఐలా ఏళ్ల తరబడి నలుగురిలో చేయని పని చేసింది. నత్తిని దాచుకోలేదు. "అం... అం... అం..." అని పిల్లలందరి ముందూ, ముఖం వంకర్లు పోతుండగా, మాటని పట్టుకుని ఊగించింది. కళ్లలో నీళ్లొచ్చాయి. "అం... దింది."

వర్నా చేతులు వదిలింది. బరువంతా ఒక్కసారిగా ఐలా మీదికి వచ్చింది.

"అలా చూస్తావేం? నేను ఖాళీ అంటే నమ్మేస్తావా?"

ఐలా గబగబా బోల్టు లాగి లోపల చూసింది. వేలు పెట్టి కూడా తడిమింది.

"ఊఁ. తర్వాతెవరు?" అని, వర్నా అరచేతులు కోటుకి రుద్దుకుంది.

"మేడమ్, అంతసేపు చేస్తే ఫెయిల్ కాదా?" అన్నాడు వరసలో ముందున్నవాడు.

"ఎంతసేపైనా చెయ్యి. అనకుండా తప్పించుకుంటే మాత్రం ఇంటికి పంపిస్తా."

ఐలా ఇంటికి వచ్చేసరికి వైనో వంటింటి బల్ల మీద రైఫిల్‌కి నూనె రాస్తున్నాడు. ఆమె సర్టిఫికెట్ బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని ముక్కు దాకా తెచ్చుకున్నాడు. తర్వాత కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు.

"వర్నా సంతకమేనా?"

ఐలా తల ఊపబోయి ఆగింది. "ఆఁ," అంది.

"ఆవిడ దగ్గర... నెగ్గావన్నమాట."

తర్వాత రైఫిల్ తీసి, బోల్టు లాగి, కనపడదు కనుక చిటికెనవేలు లోపలికి పెట్టి ఖాళీగా ఉందో లేదో చూసుకున్నాడు. బల్ల మీదుగా చాచాడు. ఐలా పట్టుకుంది.

"అం... అందింది," అంది.

ఆయన వదల్లేదు. పిడి మీద ఆయన వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. రైఫిల్ కొద్దిగా అటు వైపు లాగుతున్నట్టు ఆమెకి తెలిసింది. గిన్నెలో కాఫీ పొంగి, వేడి పొయ్యి మీద పడి చుయ్యిమంది. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు. పలకలు మోసిన చేతులు ఆమెవి. ఒక్క గుంజు గుంజితే వచ్చేస్తుంది. గుంజలేదు.

"అందిందా?" అన్నాడు వైనో, కిటికీ అవతల చెట్లవైపు ముఖం తిప్పి.

ఈసారి మాట మరీ గట్టిగా ఇరుక్కుంది. "అం... అం..." ఎప్పుడూ సగంలో అందుకునే మనిషి, ఇప్పుడు నోరు మెదపలేదు. ఆమె పూర్తిచేసేదాకా ఆగాడు.

"అందింది, నాన్నా."

వదిలాడు. ఖాళీ అయిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు తడబడి, పొయ్యి మీద గిన్నె దింపాడు.

"మంగళవారం కాఫీ ఫ్లాస్కు నేను మోస్తాలే," అన్నాడు.