మా వదిన ఇరవై ఎనిమిది రోజుల లెక్క

మెడలో టేపు లేకుండా మా వదినని నేను చూసింది పెళ్ళి ఫొటోలోనే. కోట్లూ గౌన్లూ కుట్టే కొట్టులో ఆమె కటింగ్ మాస్టరు. అక్కడందరికీ టేపక్క. అదే కొట్టులో నేను కాజాలు తీస్తాను, గుండీలు కుడతాను. అంటే ఇంట్లో నాకు వదిన, పనిలో పైఅధికారి. ఆడపడుచునైనా రెండు చోట్లా తిట్లు నాకే.

కొలతల దగ్గర ఆమెకో మొండిపట్టు ఉంది. చాలామంది పాత బట్ట ఒకటి ఆదిగా తెచ్చి, "దీన్ని చూసి కుట్టెయ్యండి" అంటారు. వదిన ఆ ఆదిని మడిచి మళ్ళీ వాళ్ళ చేతిలోనే పెడుతుంది. "ఇది అప్పటి మీరండీ. ఇప్పటి మిమ్మల్ని కొలవనివ్వండి" అంటుంది. బతిమాలినా కోప్పడినా అంతే. ఒళ్ళు కొలవనిదే కత్తెర పట్టదు.

అంతటి మనిషి తన విషయంలో ఏం చేసిందో చూడండి.

పెళ్ళయిన కొత్తలో మాది రెండు గదుల ఇల్లు. ఒక గది అన్నయ్యకీ వదినకీ. రెండోదాంట్లో అమ్మ, నేను, వంట, కుట్టు మిషను. "పెద్ద ఇంట్లోకి మారేదాకా పిల్లలొద్దులేమ్మా" అని అమ్మే అంది. వదిన సరేనంది. రోజుకో మాత్ర చొప్పున ఆరేళ్ళు వేసుకుంది. ఇరవై ఎనిమిది రోజులకోసారి ఠంచనుగా నెలసరి వచ్చేది. తన ఒంటికి అంత క్రమశిక్షణ ఉందని ఆమెకి కాస్త గర్వం కూడా.

మూడు గదుల ఇంట్లోకి మారేసరికి వదినకి ముప్పై మూడు నిండాయి. మాత్రలు ఆపేసింది. ఇరవై ఎనిమిదిలో సగం పద్నాలుగు కాబట్టి, పద్నాలుగో రోజుకి అటొకటి ఇటొకటి కలిపి మూడు రోజులు ఖాయం చేసుకుంది. అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. ఆ మూడు రోజుల్లో రాత్రి డ్యూటీ పడితే తోటివాళ్ళ కాళ్ళావేళ్ళా పడి మార్చుకునేవాడు. "నెలనెలా మీ ఇంట్లో ఎవరికోయ్ ఒంట్లో బాగోదు?" అని వాళ్ళు ఆటపట్టించేవాళ్ళట. ఇవన్నీ వదిన తర్వాత చెబితేనే నాకు తెలిశాయి.

ఎనిమిది నెలలు గడిచాయి. ప్రతి నెలా ఇరవై ఎనిమిదో రోజు దాటేది, వదిన మొహం విప్పారేది. బరువైన ఇస్త్రీపెట్టె నన్ను ఎత్తమనేది. అలా ఓ వారం సాగి, ఒక పొద్దున ఆమె బాత్‌రూమ్‌లోంచి బయటికి రావడానికి చాలాసేపు పట్టేది. ఆ రోజు ఇస్త్రీపెట్టె ఆమే ఎత్తేది. నిలిచింది నిలిచినట్టే జారిపోతోందని, ఆరేళ్ళ మాత్రలు లోపలేదో పాడు చేశాయని, ఇదంతా చేజేతులా చేసుకున్నానని ఆమె బాధ.

కొట్టుకొచ్చే ఒకావిడ ట్రయల్ వేసుకుంటూ, "ఇంకా విశేషమేం లేదా?" అంది.

"ఉందండీ. మీ నడుము రెండంగుళాలు పెరిగింది" అంది వదిన.

ఆవిడ మళ్ళీ నోరెత్తితే ఒట్టు. నవ్వాపుకోలేక నేను వేలికి సూది గుచ్చుకున్నాను. వదిన మాత్రం నవ్వలేదు.

అమ్మ ఏమీ అడిగేది కాదు. వదిన ఎదురుపడితే చూపు తిప్పుకునేది. "అత్తయ్య నన్ను గొడ్రాలి కింద జమకట్టేశారే" అని వదిన ఒకరోజు కటింగ్ బల్ల మీద తల వాల్చి ఏడ్చేసింది. నాకు ఒళ్ళు మండింది. మర్నాడే రెక్క పట్టుకుని లేడీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను.

వదినకీ అన్నయ్యకీ పరీక్షలయ్యాయి. అన్నీ బాగానే ఉన్నాయి. డాక్టరు రిపోర్టులు పక్కన పెట్టి అడిగింది.

"నెలసరి ఎన్ని రోజులకొస్తుంది?"

"ఇరవై ఎనిమిది."

"మాత్రలు ఆపాక కూడానా?"

"ఆపాక... నిలిచి జారిపోతోందండీ. ఇంట్లో టెస్టు చేసుకుంటే మాత్రం ఎప్పుడూ లేదనే వస్తోంది."

డాక్టరు తేదీలన్నీ చెప్పించుకుని, ఎన్నెన్ని రోజులకొచ్చిందో లెక్కేసి కాగితం మీద రాసింది. ముప్పై ఆరు, ముప్పై ఐదు, ముప్పై ఏడు, మళ్ళీ ముప్పై ఆరు.

"ఏదీ జారిపోలేదమ్మా. ఇరవై ఎనిమిది మాత్రల లెక్క. మీ ఒంటి లెక్క ముప్పై ఆరు. అండం విడుదలయ్యేది వచ్చే నెలసరికి సుమారు రెండు వారాల ముందు. అంటే మీకు ఇరవై రెండో రోజు దగ్గర్లో. ఆ వారమంతా మీదే అనుకోండి."

"మరి మాత్రల వల్ల పాడవలేదా?"

"లేదు. ఆపేశాక అవి ఒంట్లో నిలవుండవు."

ఆసుపత్రి మెట్ల మీద వదిన చతికిలబడింది. "ఆది చూసి కత్తిరించేశానే" అంది.

"ఊరందరికీ నీతులు చెప్పావు కదా వదినా!"

టేపు కొసతో నా వీపు మీద ఒక్కటిచ్చింది. ఎనిమిది నెలల తర్వాత ఆ రోజే ఆమె కడుపారా నవ్వింది.

అలాగని మర్నాడే అద్భుతం జరగలేదు. మొదటి నెల కాలేదు, రెండో నెలా కాలేదు, మూడో నెలా అంతే. వదిన దిగులుపడింది కానీ తనని తాను తిట్టుకోవడం మానేసింది. నాలుగో నెల నలభై ఒకటో రోజున టెస్టులో రెండో గీత కనిపించింది. అన్నయ్య అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు. వదిన తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. నేను టీ కప్పుతో గుమ్మంలో ఉన్నాను.

"అత్తయ్యా, నిలిచింది."

అమ్మ ఎగిరి గంతేస్తుందనుకున్నాను. కడుగుతున్న గిన్నె వదిలేసి, తడి చేతులతోనే వదిన రెండు చేతులూ పట్టుకుంది.

"అయితే ఆ మాత్రలు నిన్నేం చెయ్యలేదన్నమాట. మింగమంది నేనే కదమ్మా. నీ ఉసురు పోసుకున్నాననే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ." అమ్మకి ఏడుపొచ్చేసింది.

"డాక్టరు ఆ మాట ఎప్పుడో చెప్పింది అత్తయ్యా. ఒక్కసారి అడగొచ్చుగా నన్ను!"

"ఏ మొహం పెట్టుకుని అడగను?"

వదిన ఆమెని దగ్గరికి తీసుకుంది. నోరు పెద్దదని ఇంటా బయటా పేరుపడ్డదాన్ని నేను. డాక్టరు చెప్పింది నా చెవులారా విన్నాను. ఆ తర్వాత నాలుగు నెలలూ అమ్మ పక్క మంచం మీదే పడుకున్నాను. ఆ ఒక్క ముక్క ఆమెకి చెప్పాలని నాకు తట్టనేలేదు.