మార్తమ్మ తలుపు

వేపచెక్క మీద చిత్రిక పడుతుంటే చేదువాసన ఇల్లంతా కమ్ముకుంది. డెబ్బై రెండేళ్ల వయసులో, గోడకు మడిచిపెట్టే బల్ల చేస్తున్నాను. ఈ వాసన తగిలితే చాలు, మార్తమ్మ మీద పాత కడుపుమంట మళ్లీ రాజుకుంటుంది. ఆమె పోయి రెండేళ్లయింది. మంట మాత్రం పోలేదు.

గండికోట జలాశయం నీళ్లలో మునుగుతుందని ఊరు ఖాళీ చేసినప్పుడు, అందరిలాగే మార్తమ్మ కూడా ఇంటి తలుపు ఊడదీసి తెచ్చుకుంది. ప్రొద్దుటూరులో మా పక్కగది అద్దెకు తీసుకుంది. ఆ ఒంటిగదిలో వేపతలుపు పెట్టే చోటు లేక, మోకాలెత్తున గోడకు మడతబందులతో బిగించి, ముందువైపు రెండు కాళ్లు పెట్టింది. పగలు కింద కూర్చుని రాసుకునే బల్ల, రాత్రి మంచం. ఎత్తి గడియ పెడితే గది ఖాళీ.

ఆ బల్లకు ఒక కాలు పొట్టి. దాని కింద అట్టముక్క. నేను లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. ఆ వంకర నా కంట్లో ముల్లులా గుచ్చుకునేది. అయినా, పులివెందుల నుంచి వచ్చి నా దగ్గర పదో తరగతి చదువుతున్న మనవరాలు శిరీష సాయంత్రమైతే పుస్తకాలతో అక్కడికే పోయేది.

“యాడికే?”

“మార్తమ్మవ్వ కాడికి జేజీ. ఆడ బల్ల ఉంది గదా.”

బల్లే కదా కావలసింది! పిల్ల బడికి పోయిన వేళల్లో, ఎవరికీ చెప్పకుండా నేనూ ఒకటి చేశాను. రసమట్టం పెట్టి చూస్తే బుడగ నడిమధ్య నిలిచింది. శిరీష చూసి, “శానా బాగుంది జేజీ” అంది. ఉతికిన బట్టలు దాని మీద పెట్టి, పుస్తకాలు తీసుకుని పక్కింటికి పోయింది.

మర్నాడు మార్తమ్మ వచ్చి నా బల్లను తట్టి చూసింది.

“అక్కా, ఆ బిడ్డ కొట్టేదానికి ఒక మేకైనా మిగిలిచ్చినావా?”

“ఎందుకు? అన్నీ నేనే కొట్టినా.”

“అదే మరి. నా బల్లకు ఆ కాలు కోసింది శిరీషే. సరిచేస్తానంటే కొట్లాటకొస్తాది. నువ్వేమో దీన్ని పెండ్లికూతురు మాదిరి కూసోబెట్టినావు. తాకాలంటేనే బయమైతాంది!”

నవ్వుకుంటూ వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది.

ఇప్పుడు శిరీషకు జమ్మలమడుగులో ఉద్యోగం. మార్తమ్మ పోయాక, ఆమె కొడుకును అడిగి మరీ ఆ తలుపు తీసుకెళ్లి తన అద్దెగదిలో బిగించుకుంది. నా బల్ల ఇక్కడే ఉంది, మట్టం తప్పకుండా, బట్టలు మోస్తూ.

ఈ కొత్తదానికి చెక్కలన్నీ కోశాను. ఒక కాలు మాత్రం కోయకుండా గోడకు ఆనించాను. ఆదివారం శిరీష వస్తానంది. రంపం దాని చేతికే ఇస్తాను. వంకరగా కోస్తే కోయనీ. అట్టముక్క కూడా తీసి పెట్టాను, మార్తమ్మ పెట్టినదానికంటే మందమైనది.