మాటలు లేని పాట నేర్చుకున్న మేనత్త

మొన్న పటాన్‌చెరు దగ్గరి లక్డారం నుంచి కబురు వచ్చింది, మా మేనత్త నిద్రలోనే కన్నుమూసిందని. నేను వెళ్లేసరికి చర్చి వాళ్లు, ఇరుగుపొరుగు వాకిలి నిండా ఉన్నారు. ఆమె పాడిన పాటల గురించే మాట్లాడుకుంటున్నారు. వాటిలో ఒక పాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే ఈ నాలుగు మాటలు.

అత్తమ్మ ఊరి బడిలో టీచరు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. పంతొమ్మిది వందల అరవైల చివర్లో ఆమె ఒక్కగానొక్క కూతురు కామెర్లతో పోయింది. ఆ తర్వాత అత్తమ్మ చర్చికి రావడం మానలేదు, పాడటం మానేసింది. వెనక వరుసలో ఊరికే కూర్చునేది.

"ఒక్క పాటన్న పాడరాదూ అత్తమ్మా" అని బతిమాలాను.

"ఏం పాడాలె బిడ్డా? ఏ పాట సూసినా స్తోత్రం, స్తోత్రం. నా నోటికి ఆ మాట వస్తలేదు. రాని మాట అంటే దేవునికి అబద్ధం చెప్పినట్టు కాదా?"

కొన్నేళ్లకు పటాన్‌చెరు దగ్గర వ్యవసాయ పరిశోధన కేంద్రం వచ్చింది. నాకు అక్కడ టైపిస్టు ఉద్యోగం దొరికింది. అక్కడి ఒక విదేశీ శాస్త్రవేత్త భార్య తెలుగు నేర్చుకుంటానంటే, పాఠం చెప్పడానికి అత్తమ్మను వాళ్లింటికి తీసుకెళ్లాను. వాళ్లు యూదులని చెప్పగానే అత్తమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

"మన ప్రభువు పుట్టిన జాతోళ్లా? నిజంగనా?"

ఓ శుక్రవారం పాఠం సాయంత్రం దాకా సాగింది. పొద్దు గూకితే వాళ్ల విశ్రాంతి దినం మొదలవుతుందని, ఆ ముందే ఆవిడ రెండు కొవ్వొత్తులు వెలిగించి, చేతులతో కళ్లు మూసుకుని ప్రార్థించింది. ఇక అత్తమ్మ ప్రశ్నలు ఆగలేదు. కళ్లెందుకు మూసుకున్నది? దీపాలు రెండెందుకు? నేను ఇంగ్లీషులో అడగడం, ఆవిడ ఓపిగ్గా చెప్పడం. తర్వాత భార్యాభర్తలిద్దరూ బల్ల ముందు కూర్చుని ఒక రాగం ఎత్తుకున్నారు. మొదట గొణుగుడులా ఉంది. అదే మళ్లీ మళ్లీ పాడుతుంటే పోనుపోను పైకి లేచింది.

అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "ఏమంటున్నరే? ఒక్క మాట గూడ సమజైతలేదు."

పాట ఆగాక నేను అడిగితే, ఆవిడ తన కొత్త తెలుగులో తనే చెప్పింది. "మాటలు లేదు అక్కా. మా తాత పాట. మాటలు రాదు, అప్పుడు పాడతాం. దేవుడికి తెలుసు."

హైవే పక్కన బస్సు కోసం నిలబడ్డప్పుడు అత్తమ్మ అంది, "గట్ల గూడ పాడొచ్చునా?" బస్సెక్కాక, ఇంజను మోతలో, ఆమె గొంతు సన్నగా వినిపించింది. ఒకసారి తప్పి, మళ్లీ సర్దుకుంది. కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే పాడింది. బిడ్డ పోయాక ఆమె పాడగా వినడం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఓ ఆదివారం ప్రార్థన మధ్యలో ఆ రాగం ఎత్తుకుంది. అందరూ తిరిగి చూశారు. బయటికి రాగానే సంఘ పెద్ద ఆపి, ఆ పాట ఎక్కడిదో అడిగి తెలుసుకున్నాడు.

"టీచరమ్మా, యూదుల పాట మనకెందుకు?"

"మన ప్రభువు చిన్నప్పుడు ఇంట్ల ఏం పాట ఇన్నడో మీకు ఎరుకేనా పెద్దయ్యా? నాకైతే ఎరుక లేదు. తెలుసుకుందామనే పాడుతున్న."

ఆయనకు అది నచ్చలేదు. ఆమె పాడినప్పుడల్లా ముఖం ముడుచుకునేవాడు. కానీ ఆయన తమ్ముడు పోయినప్పుడు, సమాధి దగ్గర ఎవరూ పాట అందుకోకపోతే, ఆయనే అత్తమ్మ వైపు తిరిగాడు. "గా మాటల్లేని పాట ఎత్తు టీచరమ్మా" అన్నాడు.

మెల్లగా స్తోత్రం పాటలూ ఆమె నోటికి తిరిగొచ్చాయి. "దేవుడు ముందుగాల నా గొంతు తెరిసిండు బిడ్డా. మాటలు ఎనకాల వచ్చినయ్" అనేది. ఆ దంపతులు వాళ్ల దేశం వెళ్లిపోయారు. రాగం ఇక్కడే ఉండిపోయింది.

డెబ్బయిల చివర్లో ఒక సాయంత్రం గుర్తొస్తోంది. అత్తమ్మా నేనూ వాకిట్లో చిక్కుడుకాయలు వలుస్తున్నాం. పక్కింట్లో ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆ ఇంటి కోడలు పసిబిడ్డను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ, అత్తమ్మ పాడగా గోడ అవతల నుంచి విన్నదేమో, అదే రాగం తీస్తోంది. అత్తమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఆడ జెర పైకి తియ్యి బిడ్డా" అంది, గోడ ఇవతల నుంచి.

ఆ అమ్మాయి సిగ్గుపడుతూ నవ్వి, పైకి తీసింది. భుజం మీద బిడ్డ తల మెల్లగా వాలింది.