మా తాతయ్య కాలేజీ కప్పు

నా చిన్నప్పుడు సరూర్‌నగర్‌లోని మా ఇంట్లో దేవుడి పటాల కంటే పై మేకుకు ఒక ఫొటో వేలాడుతుండేది. పదకొండు మంది పిల్లగాళ్లు, మోకాళ్ల దాకా లాగులు, కాళ్లకు బూట్లు, మధ్యలో కప్పు. వెనక వరసలో చివర నిలబడ్డ సన్నటి మనిషి మా తాతయ్య. పోచంపల్లిలో మగ్గాల ఇంట పుట్టి, నిజాం కాలంలో పట్నమొచ్చి కాలేజీలో చదివి, ఫుట్‌బాల్ టీములో ఆడి ఆ కప్పు గెలిచాడు. ఇంటికి ఎవరొచ్చినా, అమ్మ మంచినీళ్లిచ్చే లోపే నేను ఆ ఫొటో చూపించేదాన్ని. వాళ్లు మెచ్చుకుంటుంటే తాతయ్య తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనేవాడు కాదు. అది వినయమనుకున్నాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు బడిలో పరుగు పందెం పెట్టారు. మా వెనక గల్లీ పిల్ల ఒకతి వట్టి కాళ్లతో లేడిలా ఉరికేది. నాన్న నాకు తెల్ల క్యాన్వాస్ బూట్లు కొనిచ్చినా, ఆ పిల్లను ఒక్కసారి కూడా దాటలేకపోయాను. పందెం ముందు రోజు సాయంత్రం అరుగు మీద తాతయ్య పక్కన చేరి అడిగాను.

"తాతా, నువ్వు కప్పెట్ల గెలిచినవ్? నాక్కూడా జర చెప్పు. రేపు గా పిల్లను ఓడగొట్టాలె."

ఆయన లోపలికి వెళ్లి ఆ ఫొటో దింపి తెచ్చి, నా ఒళ్లో పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లో పట్నంలో సగం టీములు వట్టి కాళ్లతోనే ఆడేవట. చీలమండలకు గుడ్డపీలికలు బిగించి కట్టుకుని దిగేవాళ్లు. తాతయ్య వాళ్ల కాలేజీకి మాత్రం ఆ ఏడే బూట్లొచ్చాయి. వానలు వెనకబట్టినప్పటి నుంచి చలి ముదిరేదాకా ఆటలు సాగాయి. కొత్త బూట్లు కరిచి కాళ్లు బొబ్బలెక్కినా వీళ్లు ఒక్కో కాలేజీని ఓడిస్తూ వచ్చారు. ఒక్క టీము చేతిలోనే ఓడారు. అందులో ఎడమ అంచున వట్టి కాళ్లతో ఉరికే పిల్లగాడొకడు ఉండేవాడట. అతణ్ణి ఆపే పని మా తాతయ్యది. ఆయన ఎటు అడ్డం పడితే అతను రెండో వైపు నుంచి వెళ్లిపోయేవాడు. చూసేవాళ్లంతా తాతయ్యను చూసి నవ్వారు. కప్పు కోసం ఆడే ఆఖరి ఆట మళ్లీ ఆ టీముతోనే పడింది.

ఆ రోజు పొద్దున్నే తాతయ్యా, ఇంకో ఇద్దరూ సంచి నిండా ఎండు పల్లేరు కాయలు ఏరుకుని మైదానానికి వెళ్లారు. పల్లేరు కాయ మీకు తెలిసే ఉంటుంది, ఎటు పడేసినా ఒక ముల్లు పైకే చూస్తుంది. మైదానానికి ఒక పక్క అంచు పొడుగునా చల్లి, పైన ఇంత దుమ్ము కప్పారు. వాళ్లకైతే బూట్లున్నాయి.

"పల్లేరు మొలవని మైదానం యాడున్నది బిడ్డా? ఎవ్వలికీ అనుమానమే రాలె" అన్నాడు.

మొదటి సగంలో ఆ పిల్లగాడు రెండో పక్కన ఆడి ఒక గోలు కొట్టాడు. సగం ఆటయ్యాక దిక్కులు మారి ఈ పక్కకొచ్చాడు. పది అడుగులు ఉరికి కూలబడ్డాడు. ముళ్లు పీక్కుని లేచాడు. మళ్లీ ఉరికాడు, మళ్లీ కూర్చున్నాడు. బయటికి పోతే బదులు దిగే మనిషి ఉండడు కాబట్టి పోలేదు. నాటకాలాడుతున్నాడని జనం ఎగతాళి చేశారు. తాతయ్య వాళ్లు రెండు గోల్సు కొట్టి గెలిచారు. ఆట అయ్యాక అతను కుంటుకుంటూ వచ్చి అందరితో చేతులు కలిపాడు. "మంచిగ ఆడినవ్" అన్నాడట మా తాతయ్యతో. కాలికి కట్టుకున్న గుడ్డంతా నెత్తురు. ఆ తర్వాత అతనేమయ్యాడో తాతయ్యకు తెలియదు, కనుక్కునే మొహం లేకపోయింది.

"గిది ముగ్గురికి చెప్పిన. మా అన్నకు, ఒక దోస్తుకు, మీ నాయినకు. ముగ్గురూ నవ్విండ్రు. ఏం దిమాక్ అన్నరు" అని నా మొహంలోకి చూశాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. అది విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ పిల్లగాడి కాలు కాదు. మా బడి గోడ వెంట పల్లేరు తీగ విరగకాసి ఉంది, అది గుర్తొచ్చింది. ఆ పిల్ల ఏ గీత మీద ఉరుకుతుందో కూడా మనసులో లెక్కేశాను. ఒక్క క్షణమే. వెంటనే చద్దన్నంలో పురుగు కనబడినట్టు రోత పుట్టింది. ఫొటోను పక్కకు తోసి "ఛీ!" అన్నాను.

తాతయ్య కళ్లు నిండాయి. నా తల మీద చెయ్యి వేసి, "గంతే బిడ్డా. గా ఒక్క మాట కోసం నలభై ఏండ్ల సంది చూస్తున్న" అన్నాడు. ఫొటోను తన ట్రంకుపెట్టె అడుగున పెట్టేశాడు. మర్నాడు పందెంలో ఆ పిల్లే గెలిచింది. పరిగెత్తుతున్నంతసేపూ నేను దాని పాదాల వైపు చూడలేకపోయాను.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్లాటు. మొన్న మా పై అంతస్తు ఆయన లిఫ్టులో నవ్వుతూ చెప్పాడు, మనవడి వయసు రెండేళ్లు తగ్గించి రాయించి చిన్నపిల్లల ఫుట్‌బాల్ టీములో ఆడిస్తున్నాడట. "తప్పేముందండీ, అందరూ చేసేదేగా" అన్నాడు. లిఫ్టులో మిగతా వాళ్లూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఎంత తెలివో అని మెచ్చుకునే వాళ్లు ఏ కాలంలోనూ తక్కువ కాలేదు. ఎదుటివాడి పిల్లలు ఏమైతే వీళ్లకేం! ఛీ అని మొహం మీదే అనేశాను. అప్పటి నుంచి ఆయన నన్ను చూస్తే మెట్లెక్కి పోతున్నాడు, మంచిదే.

మా తాతయ్య నేను పదో తరగతిలో ఉండగా పోయాడు. చివరిదాకా నన్ను ఇంట్లో అందరికంటే మంచిదాన్ని అనుకున్నాడు. తన తప్పును తప్పని చెప్పిన ఒకే ఒక్క మనిషినని మురిసిపోయాడు. ఆ సాయంత్రం నేనన్న ఛీలో సగం నా మీదేనని ఆయనకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఏమనేవాడో తెలియదు. లిఫ్టులో అన్న ఛీలోనూ సగం నా మీదే.